గాలిలో ఆక్సిజన్ నిజంగా తగ్గుతోందా? బెజవాడ, గుంటూరు గాలి లెక్కలు

మంగళగిరి_మాస్టారు:
అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో ‘మన గాలి’ అని స్టాల్ పెడుతున్నారు. రెండు చోట్ల బండి ఆగింది.

ఒకటి: ‘బెజవాడలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 18కి దిగిపోయింది’ అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటని ఛార్టుకి ఎక్కిస్తామంటున్నారు పిల్లలు. రాయనివ్వాలా వద్దా?

రెండు: నీళ్ల పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించే ప్రయోగం. నీరు ఒకసారి పావు వంతు ఎక్కుతుంది, ఇంకోసారి పదో వంతు కూడా ఎక్కదు. ఐదో వంతు రావాలి కదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

వాయుకోణం:
మాస్టారూ, 18 శాతం మాట ఛార్టు మీదకి రానివ్వకండి. మ్యాన్‌హోల్లోకి, ట్యాంకుల్లోకి దిగే పనివాళ్ల దగ్గర గ్యాస్ మీటరు ఉంటుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గగానే అది కూస్తుంది. ఊరి గాలి 18 దగ్గర ఉంటే ఆ మీటర్లు బీసెంట్ రోడ్డు మీద కూడా ఆగకుండా కూస్తూనే ఉండాలి.

తేమ తీసేసిన గాలిలో నైట్రోజన్ 78.08 శాతం, ఆక్సిజన్ 20.95, ఆర్గాన్ 0.93. ఈ మూడూ కలిపితేనే 99.96 అయిపోయింది. మిగిలిన పిసరంతలోనే కార్బన్ డయాక్సైడ్, నియాన్, హీలియం, మీథేన్, క్రిప్టాన్, హైడ్రోజన్ అన్నీ సర్దుకోవాలి. ఈ పాళ్లు బెజవాడలోనూ హిమాలయాల మీదా ఒకటే. సుమారు 80, 100 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి బాగా కలిసిపోయే ఉంటుంది. కొండ మీద ఆయాసం రావడానికి కారణం శాతం తగ్గడం కాదు, పీడనం తగ్గడం. ఐదున్నర కిలోమీటర్ల ఎత్తులో పీడనం ఇక్కడి దాంట్లో సగం.

ఆక్సిజన్ తగ్గడం మాత్రం అబద్ధం కాదు. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల ఏటా పది లక్షల పాళ్లలో నాలుగు పాళ్ల చొప్పున తగ్గుతోంది. శాతంలో 0.0004. మూడు శాతం పడిపోవాలంటే ఈ వేగంతో ఏడు వేల ఏళ్లు పైనే పడుతుంది.

పిల్లలకి పనికొచ్చే తమాషా ఇంకోటుంది. మన ఊళ్లో ఆక్సిజన్ శాతాన్ని రోజూ మార్చేది కాలుష్యం కాదు, ఆవిరి. శ్రావణమాసంలో 33 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న రోజున గాలిలో మూడున్నర శాతం నీటి ఆవిరే. అది చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆక్సిజన్ 20.95 నుంచి 20.2కి దిగుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున 18 డిగ్రీల్లో ఆవిరి రెండు శాతానికి లోపే కాబట్టి ఆక్సిజన్ 20.5 పైన ఉంటుంది. ఊపిరి ఆడనట్టుండే ఉక్కపోతకి కారణం ఆ ముప్పావు శాతం కూడా కాదు, చెమట ఆరకపోవడం.

బ్రాడీపేట_4/14:
కొవ్వొత్తి ప్రయోగం గురించి నేను చెప్తాను. పాఠ్యపుస్తకాల్లోంచి ఎప్పుడో తీసేయాల్సిన ప్రయోగం అది. నీరు ఎక్కేది ఆక్సిజన్ అయిపోయినందుకు కాదు.

గ్లాసు బోర్లించేటప్పుడు మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత బయటికి పోతుంది. జాగ్రత్తగా చూస్తే అంచు దగ్గర బుడగలు కనిపిస్తాయి. మంట ఆరాక లోపల మిగిలిన గాలి చల్లారి ముడుచుకుంటుంది, అప్పుడు నీరు గబుక్కున ఎక్కుతుంది. మంట వెలుగుతున్నప్పుడు నెమ్మదిగా ఎక్కాల్సిన నీరు ఆరిన తర్వాతే ఎందుకు ఎక్కిందని పిల్లల్ని అడగండి, గుట్టు వాళ్లే పట్టేస్తారు.

పైగా మంట ఆక్సిజన్ మొత్తాన్ని తినదు. 16 శాతం దగ్గరికి రాగానే ఆరిపోతుంది. వాడుకున్న ఐదు శాతానికి బదులు మూడు శాతానికి పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. రసాయన లెక్కలో నిజంగా తగ్గే ఘనపరిమాణం రెండు శాతం లోపే. రెండు కొవ్వొత్తులు పెడితే నీరు ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. ఆక్సిజన్ రెట్టింపు కాలేదు కదా మరి!

సరైన ప్రయోగం ఇనుప పీచు తుప్పు పట్టించడం. 100 మి.లీ. కొలపాత్ర తీసుకోండి. పీచు 2 గ్రాములు చాలు. లెక్క ప్రకారం ఆ పాత్రలో ఉన్న 21 మి.లీ. ఆక్సిజన్ బరువు 27 మిల్లీగ్రాములే, దానికి 63 మిల్లీగ్రాముల ఇనుము సరిపోతుంది. కానీ తుప్పు పైపైనే పడుతుంది కాబట్టి ఎక్కువ పెట్టాలి.

ఎక్కువమంది బోల్తా పడేది పీచు దగ్గరే. గిన్నెలు తోమే మెరిసే చుట్ట స్టెయిన్‌లెస్ స్టీలు, అది వారం పెట్టినా తుప్పు పట్టదు. చెక్క పాలిష్ చేసేవాళ్లు వాడే సన్నని, మెత్తని స్టీల్ వూల్ కావాలి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దానికి నూనె పూత ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, వెనిగర్‌లో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా విదిలించి, వదులుగా విప్పి పాత్ర అడుగున ఇరికించండి. ఉండగా చుడితే లోపలి భాగానికి గాలి అందదు. పాత్రని నీళ్ల పళ్లెంలో బోర్లించి ఒక రోజు వదిలేయండి.

కొలిచేటప్పుడు పాత్ర లోపలి నీటి మట్టం, బయటి మట్టం సమానంగా ఉండేలా పళ్లెంలో నీరు పోయండి. లేకపోతే లోపలి పీడనం తక్కువై లెక్క తప్పుతుంది. పెట్టినప్పుడూ చూసినప్పుడూ గది ఉష్ణోగ్రత ఒకటే ఉండాలి. ఐదు డిగ్రీలు చల్లబడితే గాలి 1.6 శాతం ముడుచుకుంటుంది, అంటే 21 బదులు 22 పైన వస్తుంది.

మంగళగిరి_మాస్టారు:
కొవ్వొత్తి సంగతి తేలిపోయింది, ధన్యవాదాలండీ. పిల్లలు అడగబోయే తర్వాతి ప్రశ్న నాకు తెలుసు: పాళ్లు మారకపోతే కాలుష్యం మార్చేది ఏమిటి? ‘గాలి పాడైంది’ అని ఎందుకంటున్నాం?

వాయుకోణం:
మార్చేది ఆ మిగిలిన 0.04 శాతాన్ని, ఇంకా దాంట్లో లెక్కకే రాని ధూళిని.

కార్బన్ డయాక్సైడ్ తీసుకోండి. యంత్రాల యుగానికి ముందు 280 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 280 పాళ్లు. హవాయిలోని మౌనా లోవా మీద 1958లో కొలతలు మొదలైనప్పుడు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. మీథేన్ 0.7 నుంచి 1.9 పీపీఎంకి, అంటే రెండున్నర రెట్లకి పైగా పెరిగింది. నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ భూమి నుంచి వెళ్లే వేడిని పట్టుకోవు. ఈ పిసరంత వాయువులు, ఆవిరి పట్టుకుంటాయి. అందుకే శాతం చిన్నదైనా ప్రభావం పెద్దది.

ఇవి ప్రపంచమంతటి లెక్కలు. ఊరి గాలి లెక్క వేరు. ఇక్కడ కొలిచేది ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములని. ఒక ఘనపు మీటరు గాలి బరువు కేజీ పైచిలుకు. అందులో పీఎం 2.5 ధూళి (2.5 మైక్రాన్లకి మించని సన్నరేణువులు) 60 మైక్రోగ్రాములు ఉంటే చాలు, మన దేశపు 24 గంటల పరిమితిని ముట్టుకున్నట్టే. అంటే సుమారు రెండు కోట్ల పాళ్లలో ఒక పాలు.

మూడో సంగతి ‘మూత’, అంటే నేల దగ్గరి గాలి కలిసే ఎత్తుకి పై హద్దు. గాలి ఎంత ఎత్తు దాకా కలుస్తుందన్నది రోజుని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నేల కాగి గాలి పైకి లేస్తుంది, రెండు కిలోమీటర్ల పైదాకా కలుస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నేల చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉంటాయి. మూత 200 మీటర్లకి, కొన్నిసార్లు ఇంకా కిందికి దిగుతుంది. బెజవాడకి కొండలు అడ్డం కాబట్టి గాలి వీచడమూ తక్కువే.

లెక్క చేసి చూడండి. వంద కేజీల చెత్తకుప్ప తగలబెడితే కేజీకి పది గ్రాముల చొప్పున సుమారు ఒక కేజీ సన్నధూళి వస్తుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 200 మీటర్ల మూత కింద సమంగా కలిసిందనుకుంటే ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు. మే నెల మధ్యాహ్నం అదే కుప్ప, 2,000 మీటర్ల మూత: అర మైక్రోగ్రాము. కుప్ప మారలేదు, పొగ మారలేదు, పదింతల తేడా.

భోగి మంటలో టైర్లు వేయొద్దని మొత్తుకునేది ఇందుకే. రోజు మొత్తంలో మూత బాగా కిందున్న తెల్లవారుజామునే వాటిని కాలుస్తాం. పిడకలు, పాత కర్ర వేరు, టైరు వేరు. టైరు పొగలో మసి, గంధకం, జింకు, క్యాన్సర్ కారకాలైన హైడ్రోకార్బన్లు ఉంటాయి.

కొండపల్లి_బొమ్మ:
ఊరి గాలి అంటే ఇబ్రహీంపట్నం థర్మల్ మాట రాకుండా ఎలా? కాకపోతే జనం అనుకునే తీరు వేరు, జరిగే తీరు వేరు.

అక్కడి నార్ల తాతారావు థర్మల్ (బొగ్గు విద్యుత్) కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి, మొత్తం 2,560 మెగావాట్లు. అన్నీ పూర్తి లోడు మీద నడిచిన రోజు అనుకుందాం. యూనిట్ కరెంటుకి ముప్పాతిక కేజీ లోపు బొగ్గు చొప్పున రోజుకి నలభై వేల టన్నులు. మన బొగ్గులో బూడిద 35, 40 శాతం ఉంటుంది, అంటే పదిహేను వేల టన్నుల బూడిద. గంధకం అర శాతం చొప్పున చూస్తే రెండొందల టన్నులు, అది కాలితే నాలుగొందల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. ఇది కాగితం మీది లెక్క, అన్ని యూనిట్లూ ఒకేసారి పూర్తి లోడు మీద ఉండవు. పరిమాణం ఎంతో తెలియడానికి చెప్తున్నా.

బూడిదలో 99 శాతానికి పైగా ఈఎస్‌పీలనే యంత్రాలు పట్టేస్తాయి. విద్యుత్ ఆవేశంతో రేణువుల్ని పలకలకి అంటించి, సుత్తులతో కొట్టి కింద తొట్టెల్లోకి దులుపుతారు. సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కాబట్టి ఈఎస్‌పీ దాన్ని ఆపలేదు. దానికి సున్నపురాయి నీళ్లతో కడిగే వేరే యంత్రాంగం కావాలి.

పొగగొట్టం సంగతి. 210 మెగావాట్లకి 220 మీటర్లు, 500 పైన అయితే 275 మీటర్లు ఉండాలన్నది నిబంధన. చలికాలం రాత్రి వాయుకోణం గారు చెప్పిన మూత దానికంటే కిందుంటుంది. కాబట్టి రాత్రంతా పొగ మూత మీదుగా పోతుంది, కింద ఊరికి తగలదు. పొద్దున ఎనిమిది, పది మధ్య ఎండెక్కి మూత లేచి పొగని అందుకున్నప్పుడు, ఆ పొర మొత్తం గబుక్కున కిందికి కలుస్తుంది. ‘రాత్రి బాగానే ఉంది, పొద్దున ఎనిమిదింటికి ఘాటు’ అనే ఫిర్యాదుకి కారణం ఇదే. చెత్తమంట, వాహనాల పొగ దీనికి ఉల్టా. అవి మూత కిందే పుడతాయి, తెల్లవార్లూ పేరుకుంటాయి.

బూడిద చెరువు ఇంకో కథ. తడిగా ఉన్నంతవరకూ కదలదు. ఎండాకాలం అంచులు ఆరి, పడమటి గాలి లేచాక ఎగురుతుంది. పొడి బూడిదని మూసిన బల్కర్లలో (ట్యాంకు లారీల్లో) తోలాలి. చెరువు బూడిదని టిప్పర్లో తోలితే తడిపి, టార్పాలిన్ అంచులు కిందికి కట్టాలి. పైన పరిచి వదిలేస్తే వేగానికి గాలి కింద నుంచి దూరి, ఉన్నదంతా లేపేస్తుంది. ఇసుక లారీలదీ ఇదే తంతు.

ఆటోనగర్_స్పానర్:
థర్మల్ మీదకి తోసేసి మనం తప్పించుకుంటే ఎలా అన్నా 😀 రోడ్డు సంగతి చూద్దాం.

లీటరు పెట్రోలు కాలడానికి 11 కేజీల గాలి కావాలి, అంటే తొమ్మిది ఘనపు మీటర్ల పైన. అందులోంచి రెండున్నర కేజీల ఆక్సిజన్ వాడుకుని 2.3 కేజీల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. లీటరు డీజిల్‌కి 2.7 కేజీలు.

కాలిన ఇంధనం కంటే పెద్ద తలనొప్పి నైట్రోజన్. ఇందాక 78 శాతం అన్నారే, అది మామూలుగా దేనితోనూ కలవదు. సిలిండర్లో పదిహేను వందల డిగ్రీలు దాటాక ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. డీజిల్ ఇంజన్లో ఇది మరీ ఎక్కువ. అందుకే బీఎస్6 పొగ నిబంధనలతో ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజన్లోకి పంపేది), కొన్నిటికి యూరియా ద్రావణం వచ్చాయి. మసిని పట్టడానికి డీపీఎఫ్ అనే ఫిల్టరు వచ్చింది. ఆ ద్రావణం 32.5 శాతం యూరియా, డీజిల్‌లో సుమారు 3 నుంచి 6 శాతం ఖర్చవుతుంది. పొలానికి వేసే యూరియా నీళ్లలో కలిపి పోస్తే క్యాటలిస్టు పాడవుతుంది, ఇంజెక్టరు మూసుకుపోతుంది. ఇది రాయక తప్పడం లేదు, చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి.

డీపీఎఫ్ ఎందుకు మూసుకుపోతుందంటే, లోపల మసి కాలాలంటే సైలెన్సరు బాగా వేడెక్కాలి. బెంజి సర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా నత్తనడకన తిరిగే బండికి అంత వేడి రాదు. వారానికోసారి హైవే మీద ఇరవై నిమిషాలు 60 పైన నడిపితే దానంతటది శుభ్రపడుతుంది. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు బండి ఆపేయకూడదు. దాన్ని పీకించి ఖాళీ గొట్టం వేయిస్తే మైలేజీ కాస్త పెరగొచ్చు. ఫిల్టరు పట్టే మసి మొత్తం మాత్రం వెనకవాడి ముక్కులోకే పోతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ మీద నమ్మకం పెట్టుకోకండి. పెట్రోలు బండికి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్‌కి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. సన్నధూళి బరువు గానీ నైట్రోజన్ ఆక్సైడ్లు గానీ ఆ పరీక్షలో లేనే లేవు.

ఇంకొకటి, కారు ఏసీలో ‘గ్యాస్ కొట్టించడం’. ఆర్‌134ఏ అనే చల్లబరిచే గ్యాసు అరకేజీ పడుతుంది. దాని వేడిపట్టే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 1,430 రెట్లు. పాత గ్యాసుని గాల్లోకి వదిలేస్తే 700 కేజీల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు, మూడొందల లీటర్ల పెట్రోలు కాల్చినంత. లీకు వెతక్కుండా ఏటా నింపితే ఏటా అంత వదిలినట్టే. ముందు నైట్రోజన్ ప్రెజరు పెట్టి సబ్బు నురగతో జాయింట్లు చూసి, తర్వాత వాక్యూమ్ లాగి, అప్పుడు బరువు తూచి నింపాలి. ఇంట్లో పాత ఏసీల ఆర్22 అయితే ఓజోన్ పొరని కూడా తింటుంది. దాన్ని 2030కల్లా మన దేశం మానేయాలి.

మంగళగిరి_మాస్టారు:
ఓజోన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పిల్లలు ఒక ఛార్టులో ‘ఓజోన్ మంచిది’, ఇంకో ఛార్టులో ‘ఓజోన్ కాలుష్యం’ అని రాశారు. ‘తులసి తెల్లవారుజామున ఓజోన్ వదులుతుంది’ అని మూడోది కూడా ఉంది.

వాయుకోణం:
మొదటి రెండూ నిజం, ఎత్తే తేడా. 15 నుంచి 35 కిలోమీటర్ల మధ్య ఉన్న ఓజోన్ అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుంది. దాన్నంతా నేల మీదకి తెచ్చి మామూలు పీడనంలో పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం, అంతే. దాన్ని తినే రసాయనాల మీద 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

నేల మీది ఓజోన్ ఎవరి గొట్టంలోంచీ రాదు. నైట్రోజన్ డయాక్సైడ్‌ని ఎండ విడగొడితే విడిన ఆక్సిజన్ పరమాణువు మామూలు ఆక్సిజన్‌తో కలిసి పుడుతుంది. అది ఊపిరితిత్తుల్ని మండించే వాయువు. పెట్రోలు ఆవిర్లు, రంగుల ఆవిర్లు తోడైతే ఇంకా పేరుకుంటుంది. ఎనిమిది గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ఒక విడ్డూరం: బండ్లు కిక్కిరిసిన కూడలిలో ఓజోన్ తక్కువ ఉంటుంది. సైలెన్సర్లోంచి తాజాగా వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని తినేస్తుంది. గాలి వాలులో పది, ఇరవై కిలోమీటర్ల అవతల పచ్చటి పొలాల్లో మధ్యాహ్నం ఎక్కువ ఉండొచ్చు. పల్లెగాలి కదా అని మే నెల మిట్టమధ్యాహ్నం పరిగెత్తించకండి.

తులసి ఓజోన్ వదలదు. వదిలితే కోటకి నమస్కరించడానికి వెళ్లినవాళ్లకి దగ్గు రావాలి. రావి రాత్రిపూట ఆక్సిజన్ ఇవ్వడం కూడా లేదు. వెలుగు లేకుండా ఏ చెట్టూ ఆక్సిజన్ తయారు చేయదు. చెట్టు నాటడానికి వేరే కారణాలు బోలెడున్నాయి, ఇవి అక్కర్లేదు.

పెదకాకాని_పొలం:
రైతుల మీదకి ఎప్పుడొస్తారా అని చూస్తున్నా, మీరు రాకముందే నేనే వచ్చేశాను.

గడ్డి కాల్చడం. ఎకరం వరిగడ్డి రెండు టన్నులు అనుకుంటే కేజీకి ఎనిమిది గ్రాముల చొప్పున 16 కేజీల సన్నధూళి. వాయుకోణం గారి 200 మీటర్ల మూత లెక్కలో పెడితే చదరపు కిలోమీటరు మీద ఘనపు మీటరుకి 80 మైక్రోగ్రాములు. ఒక్క ఎకరం! కాల్చక తప్పకపోతే మధ్యాహ్నం కాల్చాలి, చీకటి పడ్డాక కాదు. మన వాళ్లు ఎక్కువగా చేసేది రెండోది.

డెల్టాలో పాత పద్ధతిలో ఈ బెడద తక్కువ. కోతకి రెండు మూడు రోజుల ముందు నిలువు వరిలో మినుము చల్లేవాళ్లు, మినుము మొలకెత్తిన చేలో నిప్పు పెట్టరు కదా. కోత మిషను వచ్చాక చక్రాల కింద మొలక నలుగుతోంది, వెనకాల వరసగా పడ్డ గడ్డి మొలకని కప్పేస్తోంది. గడ్డి మోపులు కట్టే బేలర్ సమయానికి దొరక్కపోతే అగ్గిపుల్లే దిక్కు. గుంటూరు, పల్నాడు వైపు పత్తికట్టె, మిరపకట్టె. పత్తికట్టె కాల్చడానికి గులాబీ పురుగు ఒక సాకు కాదు, నిజమైన కారణం. పురుగు కాయల్లో, కట్టెలో దాక్కుంటుంది. ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నేసినా పురుగు పోతుంది. పంట అయిపోగానే చేయాలి, నెలల తరబడి గట్టున కుప్పేస్తే రెండు లాభాలూ పోతాయి.

మీథేన్ సంగతి. నీరు నిలబడ్డ మాగాణిలో ఆక్సిజన్ అందని మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. తడి ఆరు పద్ధతిలో (చేను తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడపడం) మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించొచ్చు. అడుగు పొడుగు పైపుకి కింది సగం రంధ్రాలు పెట్టి మట్టిలో దించండి. లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు, తాలు పెరుగుతుంది. చెప్పడానికి బాగుంది కానీ కాలవ కింద ఒక చేలోంచి ఇంకో చేలోకి నీరు పారే చోట ఒక్క రైతు అనుకుంటే అయ్యేది కాదు. బోరు కింద అయితే అవుతుంది.

యూరియా పైపాటు నేల పైనే చల్లి వదిలేస్తే అమ్మోనియా అయి ఎగిరిపోతుంది. వేపపూత ఉంది కదా అంటారు. వేపపూత నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఈ ఎగిరిపోవడాన్ని పెద్దగా ఆపదు. పలచగా తడి ఉన్నప్పుడు వేసి మట్టిలో కలపాలి.

కొండపల్లి_బొమ్మ:
పొలం గారూ, ఆ అమ్మోనియానే నా గంధకంతో కలుస్తుంది, ముడి అక్కడ పడింది. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఒకటి రెండు రోజుల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. అమ్మోనియా తగిలితే అమ్మోనియం సల్ఫేట్ రేణువు. పొగగొట్టంలోనూ లేదు, పొలంలోనూ లేదు, గాలిలో పుట్టిన పీఎం 2.5 ఇది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిచేది కూడా అమ్మోనియాతోనే. మూసిన వలయంలో తిరుగుతుంది కాబట్టి మామూలుగా బయటికి రాదు, వాల్వు బిగింపు (గ్లాండ్) దగ్గర లీకైతే వస్తుంది.

సెన్సర్_సుబ్బు:
ఆ రేణువే మా సెన్సర్లకి శత్రువు! తేమ 80 శాతం దగ్గరికి రాగానే అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. రెండు, నాలుగు వేల రూపాయల లేజర్ సెన్సర్ రేణువు బరువు చూడదు, అది చిమ్మే వెలుగు చూస్తుంది. ఉబ్బిన రేణువు ఎక్కువ వెలుగు చిమ్ముతుంది. అందుకని మంచు పట్టిన పొద్దున 90 చూపిస్తే నిజంగా సగమే ఉండొచ్చు. ప్రభుత్వ స్టేషన్లలో బీటా కిరణాల యంత్రానికి గాలి లోపలికి పోయే గొట్టాన్ని వేడి చేసి ఆ నీరు ఆరగొడతారు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు చౌక సెన్సర్లకి వాడే దిద్దుబాటు ఇది: సెన్సర్ అంకెని 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోంచి తీసేసి, 5.75 కలపాలి. 90, తేమ 85 అయితే సుమారు 46 వస్తుంది. వాళ్ల గాలికి కట్టిన సూత్రం కాబట్టి మనకి అచ్చంగా సరిపోదు. వీలైతే ప్రభుత్వ స్టేషన్ పక్కన రెండు వారాలు పెట్టి మన సంఖ్యలు మనమే కట్టుకోవాలి.

స్టాల్‌లో సెన్సర్ పెడితే నేలకి ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తులో, ఎండ, వాన తగలకుండా పెట్టండి. బజ్జీల బండి పక్కన వద్దు. లోపల ఫ్యాన్ మీద ధూళి పేరుకుంటే అంకె మెల్లగా పక్కకి జరుగుతుంది, మెత్తటి బ్రష్‌తో దులపాలి. మిర్చి యార్డు దగ్గర పెడితే పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉన్న ధూళి) అంకె నమ్మకండి, ఈ సెన్సర్లు పెద్ద రేణువుల్ని సరిగ్గా చూడలేవు. కారం ఘాటు మైక్రోగ్రాములతో పని లేకుండానే దగ్గిస్తుంది, అది వేరే విషయం.

బ్రాడీపేట_4/14:
ఒకే రోజు గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) ఒక యాప్‌లో 137, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పేజీలో 83 కనిపిస్తుంది. ప్రభుత్వం దాస్తోందని గోల. ఇది కూడా రాయండి సుబ్బు గారూ.

సెన్సర్_సుబ్బు:
దాపరికం లేదు, కొలబద్దలు వేరు. పీఎం 2.5 ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములు అనుకోండి. మన ఏక్యూఐలో 31 నుంచి 60 మైక్రోగ్రాముల దాకా 51–100 మెట్టు. ఆ లెక్కన 50 అంటే 83, ‘సంతృప్తికరం’. అమెరికా కొలబద్దలో 35.5 నుంచి 55.4 దాకా 101–150 మెట్టు, అదే గాలి 137, ‘సున్నిత ఆరోగ్యం ఉన్నవారికి మంచిది కాదు’. రెండూ సరైన కూడికలే. మన మెట్లు మరీ ఉదారంగా ఉన్నాయన్నది నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల పరిమితి 15, మనది 60. ఏడాది సగటుకి వాళ్లది 5, మనది 40.

ఇంకో తేడా కాలం. మనది 24 గంటల సగటు, కొన్ని యాప్‌లు ఈ గంటది చూపిస్తాయి. దగ్గర్లో స్టేషన్ లేని ఊరికి కొన్ని యాప్‌లు ఉపగ్రహాల నుంచి, నమూనాల నుంచి ఊహించి అంకె వేస్తాయి. పిల్లల ఛార్టు మీద ఏక్యూఐ కాకుండా మైక్రోగ్రాములు రాయించండి, పక్కన ఏ సగటో రాయించండి. విజయవాడ, గుంటూరు 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. అందులోకి ఊళ్లని చేర్చింది ముఖ్యంగా పీఎం 10 వల్ల, అంటే రోడ్డు దుమ్ము, కట్టడాల దుమ్ము. పొద్దున్నే పొడి చీపురుతో రోడ్డు ఊడ్చడం దుమ్ముని ఒక చోటి నుంచి ఊపిరిలోకి మార్చడమే.

మోడరేటర్:
ఏ పార్టీ హయాంలో దుమ్ము ఎక్కువ అనే నాలుగు పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

మంగళగిరి_మాస్టారు:
ఒక తల్లి అడిగారు, చెప్పండి. ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టి తలుపులు బిగించి ఏసీ వేసుకుంటే గాలి శుభ్రమేనా?

వాయుకోణం:
ధూళి వరకూ అవును. పన్నెండడుగుల చదరపు గది, పదడుగుల ఎత్తు అంటే 41 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి తిప్పాలంటే పెట్టె మీద సీఏడీఆర్ (గంటకి శుభ్రం చేసే గాలి) 200 ఘనపు మీటర్ల పైన ఉండాలి. అందులోని హెపా ఫిల్టరు సన్నధూళినే పడుతుంది, వాయువుల్ని పట్టదు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, లోపలిదాన్నే తిప్పుతుంది. ఇద్దరు నిద్రపోతే గంటకి 25 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. గది పూర్తిగా బిగిసి ఉంటే గంటకి 600 పీపీఎం చొప్పున పెరుగుతుంది. రెండు గంటల్లో 1,600 దాటుతుంది. తెల్లారేసరికి తల బరువుకి అదొక కారణం. తలుపు కింద సందు ఉండనివ్వడం, పడుకునే ముందు కాసేపు కిటికీ తీయడం నయం. చలికాలం అయితే మధ్యాహ్నం తీయండి, తెల్లవారుజామున కాదు. మూత సంగతి గుర్తుంది కదా. అగరుబత్తి, దోమల చుట్ట వెలిగించి ప్యూరిఫయర్ పెట్టడం మాత్రం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

మంగళగిరి_మాస్టారు:
18 శాతం ఛార్టు చించేశారు. దాని చోట ‘అదే కుప్ప, రెండు మూతలు’ అని బొమ్మ వేస్తున్నారు. ఇనుప పీచు ఈ సాయంత్రం పెడుతున్నాం. ఇంకేమైనా జాగ్రత్త?

బ్రాడీపేట_4/14:
పక్కనే పీచు లేకుండా ఉత్త పాత్ర ఒకటి బోర్లించండి. అందులో నీరు ఎంత కదిలితే అంత ఉష్ణోగ్రత, పీడనాల పుణ్యం. మొదటిదాంట్లోంచి దాన్ని తీసేయాలి. మొదటి మట్టం దగ్గర దారం కట్టి పెట్టుకోండి, స్కెచ్ పెన్ను గీత తడికి చెరిగిపోతుంది. మర్నాటికి 17, 18 దగ్గర ఆగితే పీచు ఉండ కట్టిందని అర్థం. పాత్ర ఎత్తకుండా ఇంకో పూట వదిలేయండి, ఎత్తితే బయటి గాలి దూరి మళ్లీ మొదటికొస్తుంది.